పర్మనెంటు ఇల్లు

కిందటేడాది కొన్ని నెలలు థాయిలాండ్‌లో ఉంటూ, ఇండియాలోని కంపెనీకి ల్యాప్‌టాప్ మీద పనిచేశాను. పన్ను మాకు కట్టాలంటే మాకు కట్టాలని రెండు దేశాలూ పట్టుబట్టాయి. ఆఫీసులకు ఫోన్లు చేసి చేసి విసిగిపోయి, అమ్మానాన్నలుండే భిలాయ్ వచ్చినప్పుడు నాన్నను తోడు తీసుకుని అక్కడి సుపేలా బజారులో ఓ తెలుగు టాక్స్ కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాను.

"ఇలాంటి ఝగడాలో ముందు పర్మనెంటు ఇల్లు ఏ దేశంలో ఉందో చూస్తారు దీదీ. మీదెక్కడ?" అన్నాడాయన.

నేను నోరు తెరిచేలోపే నాన్న, "శ్రీకాకుళం" అన్నారు. భిలాయ్‌లోనే పుట్టి పెరిగినా, అక్కడి తెలుగువాళ్లం ఎవరడిగినా చెప్పే ఊరు అదే.

"మాదీ అటే అంకుల్. అక్కడ ఇల్లుందా?"

"మా అయ్య ఉన్నన్నాళ్లూ ఉండీది. పడిపోనాది."

"మరిక్కడ?"

"స్టీలు ప్లాంటు క్వార్టరు. వచ్చే ఏడు రిటైరైతే ఖాళీ సేసీయాలి."

ఆయన నావైపు తిరిగాడు.

"థాయిలాండ్‌లో నెలకో అద్దె గది" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

బయటికొచ్చి ఆటో ఎక్కాం. "కహాఁ జానా హై?" అని ఎక్కడికెళ్లాలో అడిగాడు డ్రైవర్. నాన్న ఎప్పటిలా మా క్వార్టరున్న సెక్టార్ పేరు చెప్పలేదు. నావైపు చూసి, "ఏటి సెప్పమంటావమ్మా?" అన్నారు.

పన్ను గొడవ తర్వాత ఎలాగో తేలింది. నాన్నకే ఇంకా జవాబు చెప్పలేదు.