పేరు చెప్పందే బొట్టు లేదు

2024 వేసవి. చంద్రపూర్ ఎండలు చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు, చూడనివాళ్లకు చెప్పినా నమ్మరు. మధ్యాహ్నం డాబా మీద వదిలేసిన స్క్రూడ్రైవర్‌ను గుడ్డ లేకుండా పట్టుకోలేం. ఆ ఎండ మీదే నా బతుకు. ఊళ్లోని తుకుం పేటలో నాకో చిన్న దుకాణం ఉంది. ముప్పై ఏళ్లు మోటర్లు చుట్టాను, ఇళ్లకు వైరింగ్ చేశాను, ముసలితనంలో సోలార్ పని నేర్చుకున్నాను. ఇప్పటికి ఐదు వందల ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టాను.

సరే, ఐదు వందలు కాదు. నూటికి కొంచెం పైన. అందులో కొన్నింటికి నేను కింద నిచ్చెన పట్టుకున్నానంతే. మాటను పెంచి చెప్పడం నాకు అలవాటు. చెప్పాక కడుపులో నిలవదు, ఒప్పేసుకుంటాను. ఒక్కసారి మాత్రం పెంచి చెప్పడానికీ ఒప్పుకోవడానికీ మధ్య పది రోజులు పట్టింది. ఆ పది రోజులు ఒక మనిషి ఊపిరి మీదికి తెచ్చాయి.

పోసుబాయిది రాజురా పక్క పల్లె, తెలుగు రైతుల ఇంటి ఆడబిడ్డ. భర్త లచ్చన్న బొగ్గు గనిలో భూమి లోపల పని చేసి రిటైరయ్యాడు. ఇద్దరే తుకుంలో చిన్న డాబా ఇంట్లో ఉంటారు. మాదీ అటువైపు ఊరే కనుక మొదటి రోజే ఆమె నన్ను అన్నా అంది, నేను చెల్లె అన్నాను. దాంతో లచ్చన్న నాకు బావ అయ్యాడు. బావ అయ్యాక ఎగతాళి చేసే హక్కు ఆయనకు ఎట్లాగూ వచ్చింది.

సోలార్ పెట్టడానికని వాళ్ల ఇల్లు చూడబోయిన రోజు వరండాలో గోడకు ఒక పాత ఇన్వర్టర్, దాని కింద చక్రాల బండి మీద పెద్ద ట్యూబులర్ బ్యాటరీ కనిపించాయి. ట్యూబులర్ అంటే నిదానంగా, ఎక్కువసేపు కరెంటు ఇచ్చే రకం. అప్పుడప్పుడు మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. కొత్త సోలార్ ఇన్వర్టర్‌కు నాకు సరిగ్గా ఆ గోడే కావాలి. అక్కడ నీడ ఉంది, డాబా మీది నుంచి కేబుల్ నేరుగా దిగుతుంది. అవతలి గోడకు పెట్టాలంటే రాయి తొలవాలి, పైపులు వంచాలి, రెండు గంటల పని అదనం.

“చెల్లె, సోలార్ వచ్చినంక ఈ డబ్బాతోని ఏం పని? చంద్రపూర్ అంత చీకటైనా నీ ఇంట్ల బల్బు ఆరది. దీన్ని ఎవలకన్న ఇచ్చెయ్యి,” అన్నాను.

ఆ మాట తప్పని నాకు తెలుసు. శిక్షణలో మొదటి రోజే చెప్పారు. అయినా రెండు గంటల పని తప్పుతుందని అనేశాను. లోపలి గదిలోంచి గుర్రుమని ఒక చప్పుడు వస్తూనే ఉంది. కూలర్ అనుకున్నాను. తొంగి కూడా చూడలేదు.

పది రోజుల్లో పని పూర్తయింది. సిస్టమ్ ఆన్ చేసే రోజు పొద్దున పోసుబాయి పళ్లెం పట్టుకుని వచ్చింది. అందులో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, మడత విప్పని టవల్. మా వైపు కొత్త సామాను పని మొదలుపెట్టే ముందు దానికి బొట్టు పెడతారు. పని చేసిన మిస్త్రీకి కూడా బొట్టు పెట్టి, టవల్, కొబ్బరికాయ చేతికిస్తారు. నేను తువ్వాళ్లు కొని ఏళ్లయింది. అయితే పోసుబాయి పద్ధతి వేరు. చిన్నప్పుడు వాళ్ల నాయన దసరాకు నాగలికీ కొడవలికీ బొట్టు పెట్టేటప్పుడు, పిల్లల చేత ఒక్కొక్కదాని పేరూ పనీ చెప్పించేవాడట.

“పేరు దెల్వకుండ, పని దెల్వకుండ నేను దేనికీ బొట్టు వెట్టనన్నా. ఒక్కొక్కటి చెప్పుకుంట రా,” అంది.

నాకు హుషారు వచ్చింది. వినేవాళ్లు దొరికితే నేను భోజనం మరిచిపోతాను. ఇద్దరం డాబా ఎక్కాం. ఇవి ప్యానెళ్లు, గాజు కింద సిలికాన్ పలకలు, ఎండ పడితే డీసీ కరెంటు పుడుతుంది, అంటే టార్చి బ్యాటరీలో ఉండేలాంటిది, ఒకే దిక్కుకు పోయేది, అన్నాను. ఇక్కడి థర్మల్ కరెంటు ప్లాంటు బూడిద, బొగ్గు దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది కనుక వారానికోసారి పొద్దున్నే కడగాలనీ, కాగిన గాజు మీద మధ్యాహ్నం చన్నీళ్లు పోస్తే పగలొచ్చనీ చెప్పాను. ఆమె ప్రతి ప్యానెల్‌కూ మూలన బొట్టు పెట్టింది. గాజు మధ్యలో పెడితే ఎండకు అడ్డమని నేను చెప్పకముందే ఆమెకు తెలిసింది. ప్యానెళ్లను మోసే ఇనుప స్ట్రక్చర్‌ను చూసి, మంచం కోళ్లు అని పేరు పెట్టి దానికీ బొట్టు పెట్టింది. పిడుగు పడితే తన మీదికి లాక్కునే లైట్నింగ్ అరెస్టర్ కడ్డీకి దండం కూడా పెట్టింది.

దిగి పెరట్లోకి వచ్చాం. అక్కడ ఎర్తింగ్ గుంటలు మూడు. దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపేవి ఇవేననీ, ఎండాకాలం నేల ఎండిపోతే పని చేయవు కనుక అప్పుడప్పుడు నీళ్లు పోయాలనీ చెప్పాను. గేటు దగ్గర నెట్ మీటర్. మనం లైన్ నుంచి తీసుకున్న కరెంటునూ, మనం బయటికి పంపిన కరెంటునూ రెండింటినీ వేర్వేరుగా చూపిస్తుంది. తర్వాత వరండాలో డీసీ డబ్బా. లోపల ఫ్యూజు, ఉప్పెనలా వచ్చే కరెంటును ఆపే సర్జ్ ప్రొటెక్టర్ ఉంటాయి.

“అంటె ఎక్కువొస్తె తాను సస్తది, ఇంటిని సావనియ్యది,” అంది. ముప్పై ఏళ్లలో ఫ్యూజు గురించి నేను ఇంత బాగా ఎవరికీ చెప్పలేదు. పక్కనున్న ఏసీ డబ్బాకూ అదే కాపలా పని, కాకపోతే ఇన్వర్టర్ నుంచి ఇంటివైపు వెళ్లే కరెంటుకు.

చివరికి ఇన్వర్టర్. నేను గొంతు సవరించుకున్నాను. డీసీని ఇంట్లో వాడే ఏసీగా మార్చేది ఇదే, మొత్తం సిస్టమ్‌కు మెదడు ఇదే అన్నాను. ఆమె కుంకుమలో వేలు అద్ది, ఆగింది.

“లైన్ పోతె గిదేం జేస్తది?”

చాలా తెలివైన ప్రశ్న అడిగావు చెల్లె అని మొదలుపెట్టాను. లైన్ పోయిన మరుక్షణం ఇది తనంతట తాను బంద్ అవుతుంది. లైన్ రిపేరు చేసేవాడు పోల్ మీద ఉంటాడు. మన ఇంటి కరెంటు తీగల్లోకి వెనక్కి పోతే వాడి ప్రాణం పోతుంది. అందుకే దీన్ని అట్లా తయారు చేశారు. ఇది గ్రిడ్‌తో, అంటే బయటి లైన్‌తో, కలిసి నడిచే ఆన్-గ్రిడ్ రకం, గ్రిడ్ లేకపోతే ఎంత ఎండ ఉన్నా నిద్రపోతుంది. ఇదంతా గడగడా చెప్పేశాక, నేను చెప్పింది నాకే వినిపించింది.

ఆమె వేలు ఇంకా గాలిలోనే ఉంది.

“మరి లోపలి మిషన్?”

“ఏ మిషన్?”

నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లింది. లచ్చన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముక్కుకు సన్నని ట్యూబు. ఆ ట్యూబు చివర, నేను పది రోజులుగా కూలర్ అనుకున్న పెట్టె. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్. గదిలోని గాలిని లాగి, ఆక్సిజన్‌ను వడకట్టి ఇస్తుంది. గనిలో మింగిన దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో అట్లాగే ఉండిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా ఈ మిషన్‌ను నడిపించింది ఆ ట్యూబులర్ బ్యాటరీయే. ఇంట్లో చిన్న సిలిండర్ ఒకటి ఉంది కాని, అది ఆస్పత్రికి వెళ్లే దారికి సరిపోయేంతే.

కూలర్ అనుకున్నానని గొణిగాను. లచ్చన్న మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ, “కూలర్ అయితె... నీ దిక్కు గూడ... తిప్పుతుంటి బావా,” అన్నాడు.

బ్యాటరీ ఇంట్లో లేదు. పోసుబాయి చెల్లెలు శాంతకు గోండ్‌పిప్రిలో కిరాణా దుకాణం. నా మాట విని, దాన్ని ఇన్వర్టర్‌తో సహా చెల్లెలికి ఇచ్చేసింది. ఆ తెల్లవారుజామునే శాంత మొగుడు బండి తెచ్చి తీసుకెళ్లాడు. ఒక పక్క పట్టి ఎక్కించింది నేనే, ఖాళీ అయిన గోడకు కొత్త ఇన్వర్టర్ బిగించిందీ నేనే. నడుము నొప్పి ఇంకా ఉంది.

పోసుబాయి నన్ను తిట్టలేదు. ఫోన్ తీసి, వచ్చిన మెసేజ్ చూపించింది. లైన్ పనుల కోసం మర్నాడు పది నుంచి ఒంటిగంట దాకా కరెంటు ఉండదని మరాఠీలో రాసి ఉంది. పళ్లెం కింద పెట్టేసింది. టవల్ పళ్లెంలోనే ఉండిపోయింది.

“నువ్వు చెప్పినవని ఇచ్చినన్నా,” అంది, అంతే.

అద్దెకు ఒక సామాన్ల ఆటో మాట్లాడుకుని బయలుదేరాను. గోండ్‌పిప్రి దారిలో అడవి తగులుతుంది. ఆ రోజు రోడ్డుకు అడ్డంగా పెద్దపులి కూర్చుందనీ, నేను దిగి దాని కళ్లలోకి చూసి, ఒక మనిషి ఊపిరి సంగతి, తప్పుకో అన్నాననీ తుకుం చాయ్ దుకాణంలో చెబుతుంటాను. పులి లేదు. బర్రెల మంద ఉంది. అవి కూడా నేను చెబితే తప్పుకోలేదు.

దారి పొడుగునా శాంతకు ఏం చెప్పాలో కూర్చుకున్నాను. బ్యాటరీలో లోపం ఉంది, కంపెనీకి తిరిగి పంపాలి, కొత్తది వస్తుంది, అని. మంచి అబద్ధం. అతుకులు కనపడవు. అక్కడికి వెళ్లేసరికి శాంత దాన్ని దుకాణంలో బిగించుకుంది కూడా. ఫ్రిజ్‌లో సోడాలు చల్లగా ఉన్నాయి. నా చేతికి ఒకటి ఇచ్చి, మంచి వస్తువు ఇప్పించావని మెచ్చుకుంది. ఆ సోడాను తాగకుండానే పక్కన పెట్టాను. కూర్చుకున్న అబద్ధం మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. రెండు గంటల పని తప్పించుకోవడానికి అన్న మాట దగ్గర్నుంచి కూలర్ దాకా.

శాంత నా మొహం వైపు చూడలేదు. లేచి స్విచ్ బంద్ చేసింది. బ్యాటరీ మూతలు తీసి, నీళ్లు తగ్గిన చోట దుకాణంలోని డిస్టిల్డ్ వాటర్ తెచ్చి పోసింది.

“బావకు గాలి ఆడాలె. నా సోడాలు సల్లగుంటె ఎంత, లేకుంటె ఎంత. గాని మిస్త్రీ అన్నా, ఇంకొక ఇంటికి వోయినప్పుడు ముందు లోపలి అర్రల ఏమున్నదో సూడు,” అంది.

పొద్దు గూకకముందే తిరిగి వచ్చాను. కొత్త ఇన్వర్టర్‌ను ఆ గోడ నుంచి విప్పి, అవతలి గోడకు రాయి తొలిచి, పైపులు వంచి బిగించాను. రెండు గంటలన్నది మూడు గంటలు పట్టింది. పాత ఇన్వర్టర్, బ్యాటరీ తమ చోటికి వచ్చి, ఛార్జింగ్‌లో పడ్డాయి.

మర్నాడు తొమ్మిదిన్నరకే వెళ్లి, పరీక్షకని సోలార్ ఆన్ చేసి, లచ్చన్న మంచం పక్కన కూర్చున్నాను. పదికి ఫ్యాను ఆగింది. వరండాలో సోలార్ ఇన్వర్టర్ ఎర్ర లైటు వేసుకుని పడుకుంది. డాబా మీద నిప్పులు చెరిగే ఎండ, అయినా ఇంట్లోకి ఒక్క చుక్క రాదు. మిషన్ ఒకసారి కీచుమంది. నా గుండె కూడా. వెంటనే బ్యాటరీ అందుకుంది, గుర్రుమనే చప్పుడు మళ్లీ మొదలైంది. ఇన్నేళ్ల పనిలో నేను విన్న చప్పుళ్లన్నిటిలో అదే తియ్యనిది. ఇది పెంచి చెప్పడం కాదు.

బ్యాటరీ మిషన్‌కే సరిపోవాలి కనుక ఫ్యాను వేయలేదు. ప్యానెల్ అట్టపెట్టె ముక్క ఒకటి తీసుకుని మూడు గంటలు లచ్చన్నకు విసిరాను. మధ్యలో చేతులు మార్చాను, ఆపలేదు. నిజానికి ఒకసారి ఆపాను, పోసుబాయి చూసింది, మళ్లీ మొదలుపెట్టాను. లచ్చన్న కళ్లు మూసుకునే నవ్వాడు.

“బావా... నీ సోలార్ కంటె... నువ్వే... మంచిగ నడుస్తున్నవ్.”

ఒంటిగంట దాటాక లైన్ వచ్చింది. ఇన్వర్టర్ వెంటనే లేవదు, గ్రిడ్ సరిగా ఉందో లేదో కాసేపు చూసుకుని పచ్చ లైటు వేస్తుంది. వేసింది. పోసుబాయి లోపలికి వెళ్లి పళ్లెం తెచ్చింది. ఈసారి నన్ను ఏమీ అడగలేదు, తనే చెప్పింది.

“దీని పేరు ఇన్వర్టర్. ఎండ కరెంటును ఇంటి కరెంటు జేస్తది. లైన్ పోతె పండుకుంటది, పోల్ మీదున్నోని పానం కోసం.” బొట్టు పెట్టింది. బ్యాటరీ దగ్గర వంగి, “దీని పేరు బ్యాటరీ. నా మనిషిని సూస్కుంటది,” అని దానికీ పెట్టింది. తర్వాత నా ముందు నిలబడింది.

“నీ పేరు ముందుగాలనే తెల్సు. పని ఇయ్యాల దెల్సింది.”

నా నుదుటన బొట్టు పెట్టి, టవల్ చేతికిచ్చింది. దాన్ని మడత విప్పకుండానే ఇంటికి తెచ్చి దాచాను. ఎందుకు దాచానో చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

శాంత దుకాణానికి నా దుకాణంలోని బ్యాటరీనీ ఇన్వర్టర్‌నూ పంపాను. వానాకాలంలో పోసుబాయి ఇంటికి హైబ్రిడ్ ఇన్వర్టర్ వచ్చింది. అది బ్యాటరీతో కలిసి, లైన్ లేనప్పుడు కూడా ఎండను ఇంటికి ఇవ్వగలదు, తీగల్లోకి మాత్రం వదలదు. ఇప్పుడు నేను ఏ ఇంటికి వెళ్లినా మొదట డాబా ఎక్కను. మీ ఇంట్లో ఆగకూడనిది ఏది అని అడుగుతాను, లోపలి గదులు చూస్తాను. ఈ పెట్టెలు ఏం చేస్తాయో చెప్పే ముందు ఏం చేయలేవో చెబుతాను. ఆన్ చేసే రోజు ఇంటివాళ్ల చేతనే ఒక్కొక్కదాని పేరూ పనీ చెప్పిస్తాను. ఆ ప్రశ్న ఒక్క రోజు ఆలస్యమైతే నేను ఏమై ఉండేవాణ్నో తలుచుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ తల్లి వేలు ఇన్వర్టర్ ముందు ఆగినందుకు రోజూ దండం పెట్టుకుంటాను.

పులి సంగతి ఇప్పటికీ చెబుతున్నాను. ఈమధ్య రెండు పులులయ్యాయి. ఇన్వర్టర్ గురించి మాత్రం ఉన్నదాని కంటే ఒక్క మాట ఎక్కువ చెప్పను.