చెంపకు రెండు బ్రష్‌లు

నా ఎడమ చెంప మీద, కంటికి కొంచెం కింద, రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఉంది. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, పద్దెనిమిదేళ్లప్పుడు అది మొదటిసారి అద్దంలో కనబడితే మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బొల్లి అంటుకునే రోగం కాదని నిజామాబాద్‌లో డాక్టరు చెప్పాడు. ఆయన నాకు చెప్పాడు సరే, ఊళ్లో వాళ్లకు ఎవరు చెప్పాలి? జక్రాన్‌పల్లి దగ్గర మా ఊళ్లో నా చేతి నీళ్లు తాగడానికి సొంత చిన్నమ్మే వెనకాడింది. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే.

టీచర్ ట్రైనింగు అయిపోగానే బోధన్ అవతల ఒక చెరుకు ఊళ్లో ప్రైమరీ బడిలో ఉద్యోగం వచ్చింది. అరవైల నడిమి మాట. అన్న బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అన్నా వదినల దగ్గర ఉండి రోజూ బస్సులో బడికి పోవాలి. ఆర్డరు వచ్చిన రోజు అవ్వ, బాపు అందరికీ బెల్లం పంచారు. నాకు మాత్రం గుబులు. ఈ మచ్చ చూస్తే తల్లులు పిల్లల్ని నా దగ్గరికి పంపుతారా? పంపకపోతే ఆ ఉద్యోగం ఎన్నాళ్లు నిలుస్తుంది? అది ఎవరి కంటా పడనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

రంగు కుదర్చడం పెద్ద కష్టం కాలేదు. నాది చామనఛాయ. తెల్ల పౌడర్‌లో చిటికెడు పసుపు, అంతకంటే తక్కువ మెత్తటి ఎర్రమన్ను కలిపితే సరిపోయింది. పసుపు పండించే ఇంటి పిల్లను, నాకు పసుపుకేం కొదవ? ముందు స్నో క్రీము రాసి, దాని మీద ఈ పొడి అద్దాలి. ఆ అద్దడం దగ్గరే చిక్కు వచ్చింది. వేలితో రాస్తే వేలి అచ్చులు పడేవి. దూదితో అయితే పోగులు అంటుకునేవి. వదిన పౌడర్ పఫ్‌తో అద్దితే చెంపంతా పిండి పిండి అయ్యేది గానీ మచ్చ అంచు మాత్రం గీత గీసినట్టు కనబడేది. ఒకరోజు చూసి చూసి అన్న గడ్డం బ్రష్ తీశాను. పని బాగానే అయింది. మర్నాడు పొద్దున బ్రష్‌లో మిగిలిన పసుపుకు అన్న సబ్బు నురగ గులాబీ రంగుకు తిరిగింది. సగం గీసిన గడ్డంతో బయటికొచ్చి నా వంక చూశాడు. ఆ నురగ చూసైనా నాకు బుద్ధి రావాల్సింది, రాలేదు. అన్న తిట్టకుండా, నాకు పనికొచ్చేదేదో నన్నే చూసి కొనుక్కోమని ఆదివారం నిజామాబాద్ తీసుకుపోయాడు.

ఫ్యాన్సీ దుకాణాల్లో పఫ్‌లు, కాటుక డబ్బాలు, తిలకం సీసాలు చూపించారు. మొహానికి బ్రష్ నాటకాల వాళ్లకు గానీ ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లకు ఎందుకని ఒకాయన నవ్వాడు. నాటకాల వాళ్లు మరెక్కడ కొంటారంటే రంగుల దుకాణం దిక్కు చెయ్యి చూపాడు.

అక్కడ బోర్డులు రాసే ముసలాయన ఒకాయన స్టూలు మీద కూచుని తనకు కావలసిన బ్రష్‌లు ఏరుకుంటున్నాడు. బడిలో చార్టులు గీయాలని దుకాణదారుకు అబద్ధం చెప్పాను. అతను గట్టి వెంట్రుకల బ్రష్ ఒకటి ముందర పడేశాడు. ఇంకా మెత్తటిది, ఇంకా మెత్తటిది అని నాలుగు తీయించాను. అప్పుడు ముసలాయన తలెత్తి నా మొహం చూశాడు. బస్సులో చెమటపట్టి రంగు కారిపోయిందేమో, ఆయన చూపు చెంప దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఉడుత వెంట్రుకలదని ఒక వెడల్పు బ్రష్ తీసి తన చెంప మీదే రుద్దుకున్నాడు.

"చార్టుకైనా గిట్లనే సూడాలె బేటీ. గీడ గుచ్చుకోవద్దు" అన్నాడు.

తర్వాత అన్నీ ఆయనే చూపించాడు. వెంట్రుకలు పట్టి మెల్లగా లాగమన్నాడు. రెండు మూడు ఊడి చేతికొస్తే దాన్ని పక్కన పెట్టేయడమే. సన్న బ్రష్‌ను నీళ్లలో ముంచి విదిలిస్తే కొన ఒక్క మొనకు రావాలి, చీలకూడదు. వెడల్పుది పొడి అద్దడానికి, సన్నది అంచులు కలపడానికి. దుకాణదారు ఆరు బ్రష్‌ల సెట్టు తీయబోతే వద్దని చెయ్యూపాడు, రోజూ వాడకానికి రెండు చాలన్నాడు. కుంకుడురసంతో కడగాలట, నిలబెట్టకుండా పడుకోబెట్టి ఆరబెట్టాలట. చార్టులు గీసే బ్రష్‌ను కుంకుడురసంతో ఎవరు కడుగుతారు? ఆయనకు తెలిసిపోయింది. అయినా చివరిదాకా చార్టులనే అన్నాడు. సొంత మనుషుల దగ్గర దొరకని మర్యాద ఆ రంగుల దుకాణంలో దొరికింది.

ఆ రెండు బ్రష్‌లతో ఏడాది గడిచింది. పొద్దున బస్సుకు ముందు పావుగంట అద్దం ముందర కూచునేదాన్ని. బడిలో ఎండకు నిలబడేదాన్ని కాదు, పిల్లలు దగ్గరికొస్తే కుడి చెంప తిప్పేదాన్ని. నిజాంసాగర్ కాలువ నీళ్లతో ఊరంతా పచ్చగా, చల్లగా ఉండేది. నాకు మాత్రం ఎప్పుడూ చెమట భయమే.

పంద్రాగస్టుకు ముందు బడికి సున్నం వేస్తున్నాం. పిల్లలు, నేను, నీళ్లు మోయడానికొచ్చిన ఒకరిద్దరు తల్లులు. నేను గోడ మీద కుంచె ఆడిస్తుంటే సున్నం చింది చెంప మీద పడింది. చురుక్కుమంటే చేత్తో తుడిచాను. ఆ చేతికీ సున్నమే.

"పంతులమ్మకు నెత్తురు కారుతుంది" అని ఒక పిల్ల అరిచింది.

పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రగా అవుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు అట్లాగే కలుపుతారు. మా ఇళ్లల్లో పాకే పిల్లలకు కూడా తెలిసిన ఈ ముచ్చట పసుపు ఇంట పుట్టిన నాకు తట్టలేదు. మూడో తరగతి పిల్ల తల్లి బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కంట్లో పడితే కన్ను పోతుందని నన్ను వంచి, వద్దంటున్నా వినకుండా నీళ్లు కుమ్మరించి, కొంగుతో చెంప తుడిచింది. తుడిచిన చెయ్యి ఆగిపోయింది. పిల్లలందరూ చూశారు. ఆమె బిందె తీసుకుని వెళ్లిపోయింది. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను.

మర్నాడు మళ్లీ రంగు వేసుకునే పోయాను. దాచడానికి ఏమీ మిగలకపోయినా చెయ్యి ఊరుకోలేదు. బడి గేటు దగ్గర ఆ తల్లి కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది. బడిలోంచి పిల్ల పేరు తీయించడానికే వచ్చిందనుకున్నాను. ఆమె అటూ ఇటూ చూసి పిల్ల జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. ఆ పిల్ల ఎండాకాలంలోనూ పొడుగు చేతుల జాకెట్టే వేసుకొచ్చేది, నేనెన్నడూ ఎందుకని అడగలేదు. మోచేతి కింద రెండు తెల్లమచ్చలు.

"గది నువ్వు దేంతోని రాస్తవ్ పంతులమ్మా? మా పిల్లకు సుత చెప్పవా?" అంది.

ముసలాయన చెప్పినవన్నీ చెప్పాను: మెత్తటిది చూడాలని, వెంట్రుకలు లాగి చూడాలని, రెండు చాలని. సంచిలోంచి నా బ్రష్‌లు తీసి చూపించాను. ఆమె మనసులో అప్పజెప్పుకుంటున్నట్టు పెదవులు కదిలిస్తూ వింది. పిల్ల వెడల్పు బ్రష్ తీసుకుని మచ్చ మీద ఒకసారి రాసుకుంది. చక్కిలిగింత పుట్టి నవ్వింది.

"ఎన్ని దినాలు రాస్తె పోతది?" అని అడిగింది.

"పోదు బిడ్డా. రోజూ రాసుకోవాలె" అన్నాను.

"రోజూనా?"

"రోజూ."

ఆ పిల్ల నా చెంప వంక చూసింది, తన చెయ్యి చూసుకుంది. బ్రష్ నా చేతిలో పెట్టి, "గట్లయితె నాకొద్దు" అని, మడిచిన జాకెట్టు చెయ్యి దించకుండానే తోటి పిల్లల్లోకి ఉరికింది. తల్లి వెనక నుంచి పిలుస్తూనే ఉంది.

ఎనిమిదేళ్ల పిల్ల అంత తేలిగ్గా అన్న ఆ మాట నా నోటితో నేను అనడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.