మా ఆయన చిప్పుల్లోంచి తీసిన బంగారం

మా ఆయన రాజమండ్రిలో బంగారం పని చేసేవారు. పెళ్ళయిన కొత్తలో ఆయన కుంపటి ముందు కూచుని ఊదుగొట్టంతో మంట ఊదుతుంటే, నేను చేతిలో పని వదిలేసి చూస్తూ ఉండిపోయేదాన్ని. ముక్కుతో గాలి పీలుస్తూనే నోటితో ఊదేవారు. ఊపిరి ఎక్కడా తెగేది కాదు. మంట సన్నగా సాగి సరిగ్గా అతుకు మీద నిలబడేది.

రెండువేల సంవత్సరం దాటాక ఊళ్ళో పెద్ద పెద్ద నగల షోరూములు వెలిశాయి. మా కొట్టుకి తెగిన గొలుసులు, వదులైన ముక్కుపుడకలు మాత్రమే వచ్చేవి. అప్పుడే మూతపడిన ఒక కంప్యూటర్ సెంటర్ సామాన్లు కొన్న పాత ఇనుప కొట్టాయన ఒక చిప్పు తెచ్చి చూపించాడు.

“దీని కాళ్ళు పచ్చగా మెరుస్తున్నాయండి. బంగారమేనా?”

మా ఆయన గీటురాయి మీద గీసి చూశారు. “బంగారమేనయ్యా. పైపూత” అన్నారు. చాలాకాలానికి ఆయన కళ్ళలో ఉత్సాహం చూశాను.

మా పక్కింట్లో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మాస్టారు ఉండేవారు. మా ఆయన తిన్నగా వెళ్ళి, చిప్పుల్లోంచి బంగారం తియ్యొచ్చా అని ఆయన్నే అడిగారు.

“తియ్యొచ్చండి. కానీ ఇంట్లో మాత్రం వద్దు” అన్నారు మాస్టారు. “యాసిడ్‌లో పూత కిందున్న రాగి కరిగేటప్పుడు ఎర్రటి పొగ వస్తుంది. అది పీలిస్తే అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. సాయంత్రానికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి చెయ్యండి. మిగిలిన నీళ్ళు డ్రైనేజీలో పొయ్యకండి. అది కూడా విషమే.”

ఇనుప కొట్టాయన దగ్గరున్న చిప్పులన్నీ కొని, మా ఆయన అంతా అలాగే చేశారు. పెరటి చివర ఈ పనికోసం గట్టు కట్టారు. రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు తెచ్చుకున్నారు. వాడేసిన యాసిడ్‌ని డబ్బాల్లో పోసి, మాస్టారు చెప్పిన చోటికి పంపేవారు. మొదటిసారి గాజుపాత్రలో బంగారు పొరలు పొట్టులా తేలినప్పుడు నన్ను కేకేసి పిలిచారు. కరిగిస్తే మినపగింజంత ముద్దయింది. “నీకు దుద్దులు చేస్తా” అన్నారు. ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

వానాకాలం వచ్చింది. మాస్టారు నరసాపురంలో కూతురింటికి వెళ్ళారు. ఒక మధ్యాహ్నం పని సగంలో ఉండగా వాన అందుకుంది. ఆయన గాజుపాత్రను కుంపటి గదిలోకి తెచ్చేశారు.

“ఏంటండీ, లోపలికి తెచ్చేశారు? మాస్టారు వద్దన్నారు కదా!”

“వాన నీళ్ళు పడితే అంతా పాడైపోద్దే. తలుపు తీసే ఉంచాగా. కాసేపే.”

కాసేపటికి జల్లు లోపలికి కొడుతోందని తలుపు ఆయనే దగ్గరికి వేసుకున్నారు. దగ్గుతూ బయటికి వచ్చారు. అన్నం తిన్నారు. “చూశావా, ఏమీ కాలేదు” అని నవ్వారు కూడా.

దీపాలు పెట్టే వేళకి ఊపిరి అందకుండా పోయింది. పెదవులు నల్లబడ్డాయి. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు నా భుజం గట్టిగా పట్టుకున్నారు.

ప్రాణం దక్కింది. ఇంటికి వచ్చాక, ఎవరో గొలుసు అతకమని ఇస్తే కుంపటి ముందు కూచున్నారు. మంట ఒకసారి వంగింది, వణికింది, వెనక్కి వచ్చేసింది. మళ్ళీ ఊదబోతే దగ్గు తెర ముంచుకొచ్చింది. ఊదుగొట్టం కింద పెట్టి, గొలుసు అతకకుండానే తిరిగి ఇచ్చేశారు. నోటితో ఊదక్కర్లేదని మా తమ్ముడు గ్యాసు టార్చి తెచ్చిచ్చాడు. కానీ డాక్టరుగారు ఏ పొగా తగలకూడదన్నారు. కొట్టు సెల్‌ఫోను రీచార్జిలు చేసేవాళ్ళకి అద్దెకిచ్చేశాం.

మాస్టారు తిరిగి వచ్చి మంచం పక్కన కూచున్నారు. “నేను ఊళ్ళో ఉంటే ఆపేవాణ్ణండి” అన్నారు.

“మీరు చెప్పినట్టే చేశాను మాస్టారూ. ఆ ఒక్కపూటే…” అన్నారు మా ఆయన.

మిగిలిన చిప్పుల్ని ఇళ్ళలో కరిగించేవాళ్ళు అడిగినా ఇవ్వలేదు. ఆ పనికి మిషన్లున్న హైదరాబాదు కంపెనీ లారీ వచ్చేదాకా ఉంచి, దాంట్లో పంపేశారు. ఓపికున్న రోజుల్లో తోటి పనివాళ్ళ దగ్గరికి వెళ్ళి ఎర్రపొగ సంగతి చెప్పి వచ్చేవారు.

“విన్నారా?” అని అడిగాను ఒకసారి.

“కొందరు పెరట్లోకి మార్చుకున్నారు. కొందరు నవ్వారు.”

చెప్పులు విప్పడానికి వంగి, ఆయాసం వచ్చి, అరుగు మీద కూలబడ్డారు. నేనే విప్పాను. ఆయన పాతికేళ్ళ పని నేర్పు ఒక వానకి పోయిందన్న సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.