పెద్దమ్మ బంతికి దొరికిన గురువు

మా పెద్దమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఇరవయ్యారేళ్ళలో ఒక్క చొక్కా కూడా మాడ్చలేదు. ఆ మాట తను రోజూ చెబుతుంది, మేం రోజూ వింటాం.

గురువారం సాయంత్రాలు లాండ్రీ జట్టుతో బౌలింగ్‌కి వెళ్తుంది. నున్నటి చెక్క లేన్ మీద బరువైన బంతి దొర్లించి, అటు చివర నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట అది. పెద్దమ్మ బంతి సగం దూరం బుద్ధిగా వెళ్ళి పక్క కాలవలో పడేది. జట్టు కెప్టెన్ స్వయానా తన ఆడపడుచు. "వదినా, నెలాఖరు పోటీలో నువ్వు వంద పాయింట్లు దాటకపోతే కొత్తమ్మాయిని పెట్టుకుంటాం. ఏమీ అనుకోకు" అని మొహం మీదే చెప్పేసింది.

అనుకోకుండా ఎలా ఉంటుంది? ఇంట్లో పెద్దమ్మకి చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేరు. ఆ ఒక్క పూటే నలుగురు తన పేరు పెట్టి కేకలేస్తారు. అది కాస్తా పోతుందని బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

కోచ్‌ని వెతికే పని నా మెడకు చుట్టుకుంది. గోడ నిండా సర్టిఫికెట్లున్న ఒకాయన్ని పట్టుకొచ్చాను. మోకాలు వంచమన్నాడు, భుజం దించమన్నాడు, ఊపిరి బిగబట్టమన్నాడు. మూడు పాఠాలయ్యేసరికి పెద్దమ్మ మామూలు నడక మర్చిపోయింది గానీ, బంతి మాత్రం కాలవను వదల్లేదు.

ఒకరోజు మేం సాధన చేస్తుంటే, పిన్నుల వెనకగదిలోంచి మెకానిక్ విసవిసా వచ్చాడు. యంత్రాలు చూసుకునే పెద్దాయన, మోచేతుల దాకా గ్రీజు.

"మూడో లేన్‌లో ధబ్బుమని బంతి పడేస్తున్నదెవరండీ? చెక్కలు పగిలేలా ఉన్నాయి!"

పెద్దమ్మ బిక్కమొహంతో చెయ్యెత్తింది. ఆయన ఇంకో బంతి వేయించి చూశాడు.

"ఏం పని చేస్తారమ్మా?"

"ఇస్త్రీ."

"అదీ సంగతి! మాడుతుందేమోనని చెయ్యి ముందే లాగేస్తున్నారు. బంతేమో గాల్లో ఉండిపోతోంది. నేలకి దించేదాకా పట్టుకోండి. ఇక్కడేమీ మాడదు."

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. పెద్దమ్మ ఆయన్ని వదల్లేదు. "మీరే నేర్పండి, బాబ్బాబు."

"నేనా? జన్మలో బంతి ముట్టుకున్నవాణ్ణి కాదమ్మా. ఆ గోడ వెనక మాకు మనుషులూ కనపడరు, అంకెలూ కనపడవు. చప్పుళ్ళు వింటానంతే."

ఆ వినడమే పాఠమైంది. రోజూ పని దిగి వచ్చి పెద్దమ్మ బంతులేసేది. ధబ్బుమన్నప్పుడల్లా గోడ వెనకనుంచి "మాడదమ్మా!" అని కేక వచ్చేది. ఇరవయ్యారేళ్ళ అలవాటు అంత తేలిగ్గా పోతుందా? పోటీ ముందురోజు కూడా పది బంతుల్లో నాలుగు ధబ్బుమన్నాయి. నాకు ఆశ చచ్చిపోయింది.

పోటీలో పెద్దమ్మ నూట పద్దెనిమిది కొట్టింది. "మా వదినే!" అని ఆడపడుచు హాలంతా చాటింది. ఎక్కడినుంచి ఊడిపడ్డాడో సర్టిఫికెట్లాయన, "చూశారా మోకాలు!" అంటూ అందరితో కరచాలనాలు మొదలెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మ ఆయన వైపు చూడనైనా చూడకుండా వెనకగదికి నడిచింది. నేనూ వెళ్ళాను.

మెకానిక్ ముందు టిఫిన్ డబ్బా తెరిచి ఉంది, మెతుకు ముట్టలేదు. పెద్దమ్మను చూసి గబుక్కున లేచాడు.

"ఉన్నారా అమ్మా! మూడో లేన్‌లో పొద్దుట్నుంచి ఒక్క ధబ్బూ వినపడలేదు. మిమ్మల్ని తీసేశారనుకున్నాను."