రెండో కాగితం

ఆఫీసులో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ పెన్సిలమ్మే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ముడిలో పెన్సిలు గుచ్చుకుని తిరిగే మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆ పెన్సిలుకు ఒక కొస నీలం, ఒక కొస ఎరుపు. నీలంతో సరిచూసినట్టు టిక్కు పెట్టడం, ఎరుపుతో కొట్టెయ్యడం. ఒక్కోసారి అది తీయడం మరిచిపోయి పడుకుంటే తెల్లారేసరికి దిండు గలీబు నిండా గీతలు. "దిండుకి కూడా లెక్క చూస్తున్నావుటే?" అని భర్త ఎకసెక్కం ఆడేవాడు. ఆయన వాచీలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని రోజంతా చిన్న చిన్న మరలు చూసే మనిషి, ఆయన ఎకసెక్కాలూ అంత చిన్నవే.

ఆవిడ చేసే పనేమిటో నలుగురిలో చెప్పుకోవడానికి మొగుడూ పెళ్ళాలిద్దరికీ నోరు వచ్చేది కాదు. ఏడాదికి దేశం మొత్తం మీద ఎంతమంది హత్యకు గురయ్యారో లెక్కగట్టే విభాగం అది. చనిపోయిన ఒక్కో మనిషికీ పోలీసు స్టేషన్ నుంచి ఒక్కో కాగితం వస్తుంది. దాని మీద పేరుండదు; పోయినవాళ్ళ పరువు కాపాడాలని రాయరట. ఊరు, తేదీ, కేసు నంబరు, ఆడా మగా, వయసు, ఆయుధం, చంపినవాడు ఏమవుతాడు, ఇంతే, ఏడు గళ్ళు. వాటిని పెద్ద పట్టికలోకి ఎక్కించాలి. ఏడాది తిరిగేసరికి అన్నీ కలిపి లావుపాటి పుస్తకం అచ్చేస్తారు. దాన్ని ఎవరు చదువుతారని మాత్రం అడక్కండి. అచ్చేసినవాళ్ళకే తెలియదు.

చేరిన మొదటి రోజున ఆవిడ చేతికొచ్చిన మొదటి కాగితంలో వయసు గడిలో "నాలుగు నెలలు" అని ఉంది. చివరి గడిలో "తండ్రి" అని ఉంది. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకుంది. అప్పటి సీనియరు గుమాస్తా మంచివాడు, గ్లాసుతో నీళ్ళిచ్చి, "గడిని చూడమ్మా, మనిషిని చూడకు. మనిషిని చూడ్డం మొదలుపెట్టావంటే ఈ కుర్చీలో నెల్లాళ్ళు కూడా ఉండలేవు" అన్నాడు. ఆవిడ ఆ మాట పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, కొన్నాళ్ళకు చూద్దామన్నా మనిషి కనిపించడం మానేశాడు. ఆ గుమాస్తాను నేను తప్పు పట్టను. పొట్టకూటి కోసం మనసు చంపుకోవాల్సిన పనులు లోకంలో చాలానే ఉన్నాయి.

పెన్సిలమ్మకు పేరు తెచ్చినవి మాత్రం డూప్లికేట్లు. స్టేషన్లో కాగితాలు రాసే రైటర్లకు ఈ లెక్కలంటే తలనొప్పి. పంపామో లేదో గుర్తుండదు, ఎందుకైనా మంచిదని ఇంకోసారి పంపుతారు. చూసుకోకపోతే ఒకే మనిషి పుస్తకంలో రెండుసార్లు చచ్చిపోతాడు. పెన్సిలమ్మ దగ్గర ఆ పప్పులుడకవు. రెండు కాగితాల్లో ఏడు గళ్ళకు ఏడూ కలిశాయా, రెండో కాగితం మీద ఎర్రగీత పడిందన్నమాటే. ఒక ఏడాది నూట పన్నెండు పట్టింది. పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. భర్త మురిసిపోయి దానికి చట్రం కట్టించి గోడగడియారం పక్కన తగిలించాడు. అనుమానం వస్తే స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలని రూలు ఉంది. మొదట్లో చేసేది. పోనుపోను ఆవిడకు అనుమానం రావడమే మానేసింది.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున, ఇంకా ఫ్యాన్లు కూడా వేయకముందే, ఒకావిడ సెక్షన్లోకి వచ్చింది. యాభైకి కాస్త ఇటుగా ఉంటుంది. వేళ్ళు వేడినీళ్ళలో నానీ నానీ పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. సంచిలోంచి లావుపాటి పుస్తకం తీసి, గుమ్మానికి దగ్గరగా ఉన్నది పెన్సిలమ్మ బల్లే కాబట్టి దాని మీద పెట్టింది.

"ఈ పుస్తకం మీరు చేసిందేనా మేడమ్?"

"మాదే. ఎక్కడ దొరికింది మీకు?"

"నేను పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. ఆస్పత్రి లైబ్రరీవాళ్ళు పాతపుస్తకాలు మాకు పంపారు, దుప్పట్లకు చెమ్మ తగలకుండా కింద పరుచుకోమని. అట్ట మీద ఆ ఏడాది అంకె చూసి పక్కకు తీసుకున్నాను." పుస్తకం అట్టను అరచేత్తో తుడిచింది. "చదువు అంతంతమాత్రం. మా ఊరు వెతుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది."

గుర్తుగా పెట్టుకున్న దారప్పోగు దగ్గర పుస్తకం తెరిచి, ఒక వరుస కింద వేలు పెట్టింది. ఆ ఊరు, ఆరేళ్ళ కిందటి ఏడాది, పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్ళ మగవాళ్ళు: ఒకటి.

"మావాళ్ళు ఇద్దరు మేడమ్" అంది.

సెక్షన్లో టైపు చప్పుడు ఆగిపోయింది. గొడవేమోనని ఆఫీసరుగారు తన గదిలోంచి బయటికొచ్చారు. ఆయన ఏదైనా నూటికి ఎంత అనే లెక్కలోనే మాట్లాడతారు; టీలో చక్కెర చాలకపోయినా "నలభై పాళ్ళే వేశాడు" అంటారు. సంగతంతా విని, "చూడమ్మా, ఇంత పెద్ద దేశం. ఒకటీ అరా తేడా ఎక్కడైనా వస్తుంది. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళ పైనే మా లెక్క కరెక్టు" అన్నారు.

"నేను రోజూ నాలుగు వందల దుప్పట్లు లెక్కపెట్టి వార్డులకు అప్పజెబుతాను సార్. ఒకటి తగ్గితే దొరికేదాకా నన్ను ఇంటికి పోనివ్వరు."

కోపంగా అనలేదు. తన పని ఎలా ఉంటుందో చెప్పినట్టే చెప్పింది. ఆఫీసరుగారికి దానికి తగిన పాళ్ళు ఏవీ తట్టలేదు. అర్జీ రాసిచ్చి వెళ్ళమని గదిలోకి వెళ్ళిపోయారు.

పెన్సిలమ్మ మాత్రం ఆ వరుస మీంచి చూపు తిప్పలేదు. "వాళ్ళిద్దరూ ఏ వయసువాళ్ళమ్మా?" అని అడిగింది.

"కవలలు మేడమ్. పంతొమ్మిది."

ఆవిడ అర్జీ రాసిచ్చి, ఇంటి చిరునామా వేసి వెళ్ళిపోయింది. పెన్సిలమ్మ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండా రికార్డు గదిలోకి వెళ్ళింది. ఆరేళ్ళ కిందటి కట్ట దించి, దుమ్ము దులిపి, ముడి విప్పింది. ఆ ఊరి కాగితాలు పదిహేడు. అందులో రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకే తేదీ, ఒకే కేసు నంబరు, మగ, పంతొమ్మిది, కత్తి, తెలియని వ్యక్తి. రెండో దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగీత. పక్కన తన చేతిరాతే: "మళ్ళీ ఇదే పని. ఈ స్టేషన్ బాగుపడదు."

ఆ కాగితం పట్టుకుని నేల మీద చతికిలబడింది. ఆ గీత గీసిన రోజు గుర్తు తెచ్చుకుందామని ఎంత తన్నుకులాడినా గుర్తు రాలేదు. ఆ రోజు ఏ చీర కట్టిందో, టీ తాగిందో లేదో, ఏమీ లేదు. ఒక తల్లి కొడుకుని చెరిపేసిన రోజు తనకు మామూలు రోజులాగే గడిచిపోయింది. అదే ఆవిడ గుండెను కోసేసింది.

తర్వాత స్టేషన్‌కు ఫోన్ చేసింది. కొత్త రైటరు ఎవరో ఎత్తాడు, పాత కేసు డైరీ తీసి చదివాడు. "కేసు ఒకటే మేడమ్, మృతులు ఇద్దరు. బస్టాండులో ఎవరితోనో మాటామాటా పెరిగి అన్నను పొడుస్తుంటే తమ్ముడు అడ్డం వెళ్ళాడు. ఆస్పత్రికి చేరకముందే ఇద్దరూ పోయారు. ఇంకేమైనా కావాలా?"

ఏమీ అక్కర్లేదంది. ఫోన్ పెట్టేసి గోడ మీది గడియారం చూసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆరేళ్ళ కిందట ఈ రెండు నిమిషాలకు తనకు బద్ధకమేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "ఆ చట్రం తీసెయ్యండి" అంది భర్తతో. ఆయన భూతద్దం తీసి ఆవిడ ముఖం చూశాడు. స్టూలెక్కి ఉత్తరం దించాడు. అన్నం తినేటప్పుడు సంగతంతా విన్నాడు.

"నువ్వే కొట్టేశావని ఆవిడకు తెలుసా?"

"తెలియదు."

"మరి చెప్పకుండానే సరిచేసెయ్యకూడదూ? ఆవిడకు కావలసింది లెక్క. నీ పేరు చెబితే ఆవిడకేం ఒరుగుతుంది? రేప్పొద్దున నీ సర్వీసు పుస్తకంలో మచ్చ, అదీ రిటైర్మెంటుకు రెండేళ్ళుందనగా."

ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. పెన్సిలమ్మ కంచంలో మెతుకులు కెలికింది. "దుప్పటి దొరికేదాకా ఆవిడ ఇంటికి పోదటండీ" అంది ఆఖరికి. ఆయన మజ్జిగ ఆవిడ వైపు జరిపాడు.

మర్నాడు తన తప్పు తానే కాగితం మీద రాసి ఆఫీసరుగారి ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీశారు. "ఎందుకొచ్చిన గొడవండీ ఇది? నూటికి ఒక పాలు తేడా వస్తేగానీ అచ్చయిన పుస్తకానికి సవరణ వెయ్యరు. ఇది పదివేలకు ఒక పాలు కూడా కాదు."

"వెయ్యకపోతే వాడు ఏమవుతాడండీ?"

"వాడేమిటి?"

"ఆ కుర్రాడు. ఎక్కడా లేకుండా పోతాడు కదా."

ఆఫీసరుగారు చెడ్డవారేం కాదు. రూళ్ళ పుస్తకం ముందుకు లాక్కుని, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి, ఒక దారి కనిపెట్టారు. ఆలస్యంగా అందిన కాగితాన్ని అందిన ఏడాది లెక్కలో వేసుకోవచ్చు. "కొత్త కాగితం నింపి తెండి, ఈ ఏడాది పుస్తకంలో ఎక్కించేద్దాం. మీరు రాసిన ఈ ఒప్పుకోలు మాత్రం నేను పైకి పంపక తప్పదు." పంపుకోమంది.

అర్జీ మీది చిరునామా పట్టుకుని ఆ సాయంత్రమే వెళ్ళింది. ఆస్పత్రి వెనక వీధిలో, మూడో అంతస్తులో ఒకే ఒక గది. కిటికీ పక్కన మంచం, మంచం మీద రెండు దిండ్లు, వాటి గలీబులు మల్లెపూవుల్లా ఉన్నాయి. గోడకు ఒకటే ఫోటో. ఒకే ముఖం రెండుసార్లు నవ్వుతోంది.

పెన్సిలమ్మ కూర్చోలేదు. నిలబడే, ఎర్రగీత ఉన్న కాగితం ఆవిడ చేతిలో పెట్టింది. "ఇది గీసింది నేనేనమ్మా. ఏడు గళ్ళూ ఒకేలా ఉన్నాయని ఒకే మనిషి అనుకున్నాను. ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది. చెయ్యలేదు."

ఆవిడ గీతను చూసింది. పక్కన రాసిన మాటలు కూడబలుక్కుని చదువుకుంది.

"ఇద్దరిలో ఎవణ్ణి కొట్టేశారు?"

"తెలియదమ్మా. కాగితం మీద పేరుండదు."

ఆవిడ మంచం అంచు మీద కూర్చుంది. తిడుతుందేమో, బయటికి పొమ్మంటుందేమోనని పెన్సిలమ్మ ఎదురుచూసింది; అలా అన్నా బాగుండేది. చివరికి తనే ఆఫీసరుగారు చూపించిన దారి చెప్పింది. పాత పుస్తకం మార్చరు. కొత్త కాగితం నింపితే ఈ ఏడాది పుస్తకంలో పడుతుంది.

"ఈ ఏడాదా?" అందావిడ. మెల్లగా లెక్క వేసుకుంది. "అంటే మీ పుస్తకాల్లో ఒకడు ఆరేళ్ళ కిందట పోయినట్టు. ఇంకొకడు ఈ ఏడాది పోయినట్టు."

"అవునమ్మా."

"ఆరేళ్ళు ఎక్కువ బతికినట్టు."

పెన్సిలమ్మ తల ఊపింది.

ఆవిడ ఫోటో వైపు చూస్తూ, "చిన్నోడని రాయండి" అంది. "పేరుండదన్నారుగా, ఎవరనుకుంటే వాడే. వాడు ఏడు నిమిషాలు వెనక పుట్టాడు. అన్నను వదిలేసి పరిగెత్తి ఉంటే బతికేవాడు. ఆ ఆరేళ్ళూ వాడికే రాయండి." ఇంకాసేపటికి, "ఇప్పుడు పాతికేళ్ళు వచ్చేవి. వయసు గడిలో ఎంత రాస్తారు?"

"పంతొమ్మిదే రాయాలమ్మా."

"సరే" అందావిడ. "వాడెక్కడ పెరిగాడులే."

పెన్సిలమ్మ సంచిలోంచి కొత్త కాగితం తీసి, దుప్పట్లు మడతపెట్టే బల్ల మీద పరిచి, పెన్నుతో నింపడం మొదలుపెట్టింది. ఊరు, తేదీ, కేసు నంబరు, మగ, పంతొమ్మిది. ఆయుధం గడి దగ్గర చెయ్యి ఆగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరినీ అడగని మాట అడిగింది.

"వాడి పేరేంటమ్మా?"

ఆవిడ చెప్పింది. ముద్దుపేరు కూడా చెప్పింది. ఆ రెండింటికీ కాగితం మీద గడి లేదు. మిగిలిన గళ్ళు నింపి, కాగితం ఆవిడ వైపు తిప్పింది. ఆవిడ ఒక్కో గడి కింద వేలు పెట్టి చివరిదాకా చూసుకుంది.

"ఇప్పుడు సరిపోయిందా?" అని అడిగింది, వార్డులో దుప్పట్లు అప్పజెప్పేటప్పుడు అడిగినట్టే.

"సరిపోయిందమ్మా" అంది పెన్సిలమ్మ. అని ఇక ఆపుకోలేక బల్ల మీదికి వంగి ఏడ్చేసింది. ఆ నాలుగు నెలల పసిగుడ్డు దగ్గర్నుంచీ ఏడవాల్సినవన్నీ ఏడ్చింది. ఆవిడ లేచి అలమారలోంచి మడతపెట్టిన తువ్వాలు ఒకటి తెచ్చి పక్కన పెట్టింది. ఏడవొద్దని మాత్రం అనలేదు.