మా వీధికి వరద నేర్పిన కండక్టరు మామ

సోమవారం పొద్దున నగరి నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, “కండక్టరు మామ పోయినాడన్నా” అన్నాడు. మా మగ్గాల వీధిలో ఎదురింటాయన. రిటైరయ్యాక కూడా విజిల్ వదలని మనిషి.

ఒక ఏడు ఏటినీళ్లు మా వీధి మొదటిదాకా వచ్చి వెనక్కి పోయాయి. అందరం మరిచిపోయాం, ఆయన మరిచిపోలేదు. మరుసటి ఎండాకాలమే మమ్మల్ని వరదకు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆదివారం సాయంత్రం ఆయన విజిల్ ఊదితే మగ్గాలు ఆపాలి. నూలు అటకెక్కించి, రేషన్ కార్డు నడుముకు కట్టుకుని, ముసలివాళ్లను ముందు నడిపించుకుంటూ బడి మేడ ఎక్కాలి.

“తాగను నీళ్లు ల్యావు, వరద యాడ్నించి వస్తాది మామా?” అని మా నాయన నవ్వేవాడు.

“వచ్చినాక నేర్చుకుందువులే అబ్బా, నీళ్లు మింగతా!”

మొదటిసారి విజిల్ వినగానే సగంమంది వరద చూద్దామని ఏటివైపే పరిగెత్తారు. మా పిన్నమ్మ గ్రైండరు ఎత్తబోయి వారంరోజులు మంచం దిగలేదు. మామ విసుక్కోలేదు. మరుసటి ఆదివారం మళ్లీ ఊదాడు.

మూడో ఏడు వాయుగుండం పట్టింది. రెండురోజులు ఒకటే వాన. మధ్యాహ్నం విజిల్ మోగితే తిట్టుకుంటూనే లేచాం. అలవాటైన కాళ్లు వాటంతటవే బడిదారి పట్టాయి. మేడమీద నుంచి చూస్తే మా గడపల్లో ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి.

మామ తలలు లెక్కపెట్టాడు. ఒకటి తక్కువ. పాలమ్మే అవ్వ తన గేదెను వదిలి రానని కొట్టంలోనే కూర్చుందట. ఆయన మోకాలిలోతు నీళ్లలోకి దిగాడు. మేం పిట్టగోడ పట్టుకుని కిందికి వంగి చూశాం.

“నా ఎనుమొస్తేనే నేనొస్తా” అంది అవ్వ.

“ఇద్దురూ రాండవ్వా, పైన సోటుండాది” అన్నాడు మామ.

ముందు గేదె, వెనక అవ్వ, ఆమె వెనక రొమ్ముదాకా తడిసిన మామ. మెట్లెక్కిన గేదె తర్వాత దిగనంది. వరద మర్నాటికే తీసింది గానీ దాన్ని దించడానికి మూడురోజులు, ఎనిమిదిమంది కావాల్సివచ్చింది. హెడ్మాస్టరు మామతో నెలరోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా మేం మామను ఎగతాళి చేయడం మానలేదు. కానీ ఒక్క ఆదివారమూ ఎగ్గొట్టలేదు.

ఆయన పోయాడంటే నా కళ్లముందుకొచ్చేది వరద వచ్చిన ఆ సాయంత్రమే. గదులన్నీ మాతో నిండిపోయాయి. బయట మేడమీద వానలో, ఉన్న ఒక్క గొడుగూ గేదె తలమీద పట్టి, తాను తడుస్తూ, మామ దాని చెవిలో ఏదో నచ్చజెబుతున్నాడు. అది తీరిగ్గా నెమరు వేస్తోంది.