మెట్ల మీది చెప్పులు

నా ఇంట్లో నేను ప్రార్థన పెట్టుకోకూడదని మా అపార్ట్‌మెంట్ సంఘం నోటీసు అంటించింది. నీళ్ల మోటారు స్విచ్చు పక్కన, అందరి కంటా పడేటట్టు. ‘బయటి వ్యక్తులను పోగుచేసి మతపరమైన సమావేశాలు జరపరాదు’ అని. పోగుచేయడమట! తుక్కు ఊడ్చి పోగుచేసినట్టు. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

మేముండేది పెందుర్తిలో, మూడంతస్తుల బిల్డింగులో, పై అంతస్తున. లిఫ్టు లేదు. పోర్టులో ఓడ సరుకులెత్తే వించ్ నడిపి రిటైరయ్యాక మల్కాపురం అద్దె ఇల్లు వదిలి, నేనూ నా భార్యా ఇక్కడికి వచ్చాం. గురువారం మధ్యాహ్నం మా హాల్లో కూడిక. పది పన్నెండు మంది, ఎక్కువమంది ఆడవాళ్లే. కొందరు మల్కాపురం నుంచి రెండు బస్సులు మారి వస్తారు. మైకు లేదు. కింది ఇంటి అమ్మాయికి పరీక్షలన్నారని నా భార్య కంజిర కూడా అటకెక్కించేసింది. రెండు పాటలు, కాస్త బైబిలు వాక్యం, చివర ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థన, ఆ పైన టీ. ఇదీ నేరం.

నోటీసు కింద ఒక ఫొటో అంటించారు. మా గుమ్మం ముందు మెట్ల మీద విడిచిన చెప్పులు. సంఘం కార్యదర్శి స్వయంగా తన సెల్‌ఫోనులో తీసింది. ఆయన స్టీలు ప్లాంటు ఉద్యోగి, గోదావరి జిల్లా మనిషి, మొదటి అంతస్తులో తల్లితో, భార్యాపిల్లలతో ఉంటాడు. చెడ్డవాడని అనను. నా భార్య జ్వరంతో పడిపోయినప్పుడు ఆటో తెచ్చింది ఆయనే. కానీ నలుగురిలో మాట నెగ్గించుకోవాలన్న యావ మనిషిని ఎంత దూరమైనా తీసుకెళ్తుంది.

ఇలాంటివి నాకు కొత్త కాదు. పోర్టులో చేరిన రెండో ఏడు ఆయుధపూజ రోజున, నేను నడిపే వించ్‌కి నన్నే బొట్టు పెట్టమన్నారు. తుడుస్తాను, గ్రీజు పెడతాను, మీరు పూజ చేసుకుంటే అడ్డం రాను, నా చేత్తో మాత్రం బొట్టు పెట్టనన్నాను. మా మేస్త్రీ నడుం మీద చేతులేసుకుని, “ఒరే, బొట్టెడితే నీ దేవుడు అలిగెల్లిపోతాడేటి?” అన్నాడు. గ్యాంగంతా నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి నెల్లాళ్లు నన్ను గంధకం దింపే ఓడ అడుగున పడేశారు. కళ్లు నిప్పులు పోసినట్టు మండేవి. ఆ నెల్లాళ్లలోనే భోజనాల వేళ రేవు గట్టున ఎరువుల గోనెల మీది తెలుగు అచ్చు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. బడి మొహం చూడనివాణ్ణి. అక్కడ మొదలుపెట్టి వాక్యం చదివే దాకా వచ్చాను, అర్జీలు రాసే దాకా వచ్చాను. కాబట్టి ఓడ అడుగున పడేసినవాళ్లకు కూడా నేను కొంత రుణపడే ఉన్నాను.

సరే, అర్జీ రాశాను. రెండు పేజీలు. చివర కోపం కొద్దీ ఇలా రాసిపడేశాను: ‘ఫొటోలో ఉన్న ప్రతి చెప్పుల జతకూ మనిషిని సభలో నిలబెడతాను. ఒక్కరైనా నా బలవంతం మీద వచ్చామంటే ఆ రోజే కూడిక ఆపేస్తాను.’ ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, కార్యదర్శి చేతిలో పెట్టే ముందు మెట్ల మీద నిలబడి మరోసారి చదువుకున్నాను.

ఇంటికొచ్చి నా భార్యకు గొప్పగా చెప్పాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కిందికి దిగి, ఫొటో దగ్గర చాలాసేపు నిలబడి వచ్చింది.

“అర్జీ ఇచ్చేసేవా?”

“ఇచ్చేశాను. ఏం?”

“ఆ మూల బూడిదరంగు సెప్పులు సూసేవా? ఎడందానికి ఎర్రదారం కుట్టుంది. అవెవరియో ఎరికేనా?”

అప్పుడు గుర్తొచ్చింది. అవి కార్యదర్శి తల్లివి. మోకాళ్ల నొప్పులకు డాక్టరు రాసిన మెత్తటి చెప్పులు. కొడుకే కొన్నాడు, పట్టీ ఊడితే కొడుకే కుట్టించాడు. తాను కొన్న చెప్పుల్ని తానే ఫొటో తీసి, తానే గుర్తుపట్టలేదు. డాబా మీద వడియాలు చూసొస్తానని ఇంట్లో చెప్పి, ఆవిడ ప్రతి గురువారం మా ఇంటికి వచ్చేది. నుదుటి విభూతి తుడుచుకోలేదు, మేం తుడుచుకోమనలేదు. వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. ఎందుకొస్తున్నారని నా భార్య ఒకసారి అడిగితే, “ప్రార్థనలో నా పేరు చెబుతారు కదా వదినా. ఇంట్లో నన్ను అమ్మా అంటారు, అత్తా అంటారు, మామ్మా అంటారు. మా ఆయన పోయాక నా పేరు పలికిన మనిషి లేడు” అందట.

“ఇప్పుడేటి సేత్తావు? ఆవిణ్ణి సభలో నిలబెడతావా?” అంది నా భార్య.

“నోరు మూసుకుని కూర్చుంటాను.”

“నీ వల్ల అవుతాదా?” అంది. ఆవిడ నన్ను నలభై ఏళ్లుగా చూస్తోంది మరి.

ఆదివారం సాయంత్రం సెల్లార్‌లో సభ. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆడవాళ్ల వరసలో, చివర, కార్యదర్శి తల్లి కూడా వచ్చి కూర్చుంది. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

కార్యదర్శి నా అర్జీ పైకి చదివాడు. “చూడండి పెద్దాయనా, మాట మీదే కదండీ. మరి నిలబెట్టండి.”

మా వాళ్లంతా వచ్చారు. ఒక్కొక్కరూ లేచి తమ చెప్పులు చూపించారు. మల్కాపురం నుంచి వచ్చినావిడైతే, “ఇవి నావి. రెండు బస్సులు మారి నా కాళ్లతో నానే ఒచ్చేను. నన్నెవులూ ఎత్తుకు రానేదు” అంది. జనం నవ్వారు. చివరికి ఆ బూడిదరంగు జత మిగిలింది.

“ఇవెవరివండీ?” అన్నాడు కార్యదర్శి, ఫొటో మీద వేలు పెట్టి.

“నాకు తెలుసు. చెప్పను.”

“చెప్పరా? ప్రతి జతకూ అని రాశారు కదండీ!”

“రాశాను. తప్పు రాశాను. ఆ ఒక్క జత గురించి మాత్రం నా నోట రాదు.”

వెనక నుంచి ఎవరో కుర్రతనం పోని పెద్దమనిషి, “ఏటి తాతా, సెప్పులకి కూడా బాప్తిస్మం ఇచ్చేసేవేటి?” అన్నాడు. సెల్లారంతా గొల్లుమంది. అరవై ఏళ్లుగా మాటకు మాట బదులిచ్చిన నాలుక నాది. ఆ రోజు పళ్ల మధ్య దాన్ని నొక్కిపెట్టుకున్నాను. ఒక్క మాట అంటే చాలు, నవ్వు అటు తిరుగుతుంది, గెలుపు నాది. కానీ ఆ ముసలమ్మ తలదించుకుని ఉంది. సాక్ష్యమంటే నోరు తెరవడమే అనుకునేవాణ్ణి అంతవరకు.

నేను మాట తప్పానని తీర్మానం చేశారు. గురువారం కూడిక నిషేధం. నేను లేచి, “తీర్మానం మీది. గురువారం దేవుడిది. నా తలుపు తీసే ఉంటుంది. ఏ నియమం కింద మూయమంటారో రాసివ్వండి” అన్నాను. ఆ ముక్కే మర్నాడు కాగితం మీద పెట్టి సంతకం చేసి ఇచ్చాను.

గురువారం వచ్చింది. మామూలు వేళకే తలుపు తీశాను. మా వాళ్లు నలుగురే వచ్చారు. మిగతావాళ్లు భయపడ్డారు, తప్పుపట్టను. కార్యదర్శి మొదటి అంతస్తులో తన గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఎవరెవరు ఎక్కుతున్నారో చూడ్డానికి. నేను పై నుంచి రెయిలింగు పట్టుకుని ఆయన్నే చూస్తున్నాను.

ఆయన వెనక తలుపు తెరుచుకుంది. తల్లి బయటికొచ్చింది. చేతిలో వడియాల పళ్లెం లేదు. బూడిదరంగు చెప్పులు కింద వేసుకుని, నిదానంగా కాళ్లు దూర్చింది. ఎర్రదారం నాకు పై నుంచే కనబడింది. ఆయనకీ కనబడింది.

“అమ్మా, ఎక్కడికే?”

“పైకేరా. నీ ఫొటోలో మిగిలిపోయిన చెప్పులు నావేరా. ఆయన నా పరువు కాశారు. నువ్వు ఆయన పరువు తీశావు. తప్పుకో, మెట్లెక్కాలి.”

ఆయన తప్పుకున్నాడు. ఆవిడ గోడ పట్టుకుని, మెట్టుకో ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. మలుపు దగ్గర మెట్టు పెచ్చులూడి ఉంటుంది, అక్కడ తడబడింది. కొడుకు కింద నుంచి ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. నా భార్య దిగి వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నా భార్య అందరికంటే ముందు ఆవిడ పేరు చెప్పి ప్రార్థన చేసింది.

నాలుగు రోజులకు నోటీసు ఊడిపోయింది. ఎవరు తీశారో అడగలేదు. మర్నాడు తలుపు కింద నుంచి కాగితం వచ్చింది. సంఘం ముద్ర లేదు, చేతిరాత. నా అర్జీలన్నిటికీ వచ్చిన ఒకే ఒక్క జవాబు:

“పెద్దాయన గారికి, మీరడిగిన నియమం ఏదీ లేదండి. గురువారం మీ ఇంట్లో మీరు ప్రార్థన చేసుకోవచ్చు. మలుపు దగ్గర మెట్టుకి మేస్త్రీని పిలిచాను. ఆ పని అయ్యేదాకా మా అమ్మ పైకి వచ్చేటప్పుడు అక్కడ ఎవరైనా చెయ్యి పట్టుకోగలరు.”